పికప్ ఎత్తు పెంచాక స్టీరింగ్ సరిచేయడం: కొలతల నుంచి టెస్ట్ రన్ దాకా

పత్తి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు పోయే పికప్ వేరు, సాయంత్రం ఖాళీగా తిరిగొచ్చే పికప్ వేరు. లోడు పడగానే వెనక కమాన్లు దిగుతాయి, ముక్కు లేస్తుంది, మొత్తం బరువులో ముందు చక్రాల మీద పడే వంతు తగ్గుతుంది. స్టీరింగ్ రాడ్ల వాలు కూడా దాంతోపాటే మారుతుంది. కారు దాదాపు ఒకే ఎత్తులో నడుస్తుంది, పికప్ మాత్రం రోజూ రెండు మూడు ఎత్తుల్లో నడుస్తుంది. చక్రాల కోణాలు చూసే అలైన్‌మెంట్ మెషీన్ కొలిచేది ఆ రోజు, ఆ ఎత్తులో బండి ఎలా నిలబడిందో అంతవరకే. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసి, మెషీన్ మీద అంకెలన్నీ పచ్చగా వచ్చినా, పస్రా దాటి తాడ్వాయి అడవి దారిలో గుంత పడగానే బండి పక్కకు గుంజడానికి కారణం ఇదే. కాబట్టి మెషీన్ కొలిచే పనితో పాటు మెషీన్ కొలవని పని కూడా మనమే చేయాలి.

ముందు చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం, ఇలా మార్చిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ముందు అడిగేదీ ఈ మార్పుల గురించే. కిట్టు కొనకముందే ఆర్టీఓ ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

మీ బండి ముందు భాగం ఏ రకం?

కిందికి దూరి చూడండి. రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే ఇరుసు అడ్డంగా ఉండి, దానికి కమాన్ పట్టీలు ఉంటే అది రిజిడ్ యాక్సిల్. పాత జీపు తరహా బండ్లన్నీ ఇవే. వీటిలో చాసిస్‌కు బిగించిన స్టీరింగ్ బాక్స్, దాని కింద ఊగే పిట్‌మన్ ఆర్మ్, అక్కడి నుంచి నకిల్‌కు (చక్రాన్ని పట్టుకుని స్టీరింగ్‌తో పాటు తిరిగే ముక్క) పోయే డ్రాగ్ లింకు, రెండు చక్రాలను కలిపే టై రాడ్ ఉంటాయి.

ఒక్కో చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి విడి ఆర్ములు ఉంటే అది ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్‌లలో ఆర్ములకు కాయిల్ స్ప్రింగ్ ఉంటుంది, టాటా జెనాన్‌లో టార్షన్ బార్ (మెలిపడుతూ స్ప్రింగ్‌లా పనిచేసే కడ్డీ) ఉంటుంది. వీ-క్రాస్, హైలక్స్‌లలో స్టీరింగ్ ర్యాక్ అండ్ పినియన్ రకం, అంటే చిన్న గేరు పళ్ల కడ్డీని (ర్యాక్) అటూ ఇటూ జరుపుతుంది.

టార్షన్ బార్ బండి వాళ్లకు ఒక మాట. బోల్టు తిప్పి ముక్కు లేపితే స్ప్రింగ్ గట్టిపడిందని చాలామంది అనుకుంటారు. బార్ గట్టిదనం అంతే ఉంటుంది. చక్రం కిందికి జారడానికి ఉన్న దూరం మాత్రమే తగ్గిపోతుంది. అందుకే ఎక్కువ తిప్పిన బండి చిన్న గుంతకే చక్రం కిందికి జారే హద్దు దగ్గరి స్టాపర్‌కు టక్కున కొట్టుకుంటుంది.

ఇండిపెండెంట్ బండికి 40 నుంచి 50 మి.మీ. దాటి పోవద్దు. ఆపైన పై ఆర్ములు మార్చాలి, 4×4 అయితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ల కోణం కూడా చూసుకోవాలి. పెద్ద కిట్లలో ఆర్ముల మౌంట్లనే కిందికి దించే బ్రాకెట్లు వస్తాయి. వాటిలో ర్యాక్‌ను కూడా అంతే దించే ఏర్పాటు గానీ, దానికి తగ్గట్టు మార్చిన నకిల్ గానీ ఉందో లేదో అడగండి. కంపెనీ వాళ్లు టై రాడ్‌నూ ఆర్ములనూ దాదాపు ఒకే వంపులో కదిలేలా జత చేసి పెట్టారు. ఆర్ములు దిగి ర్యాక్ పైనే ఉండిపోతే ఆ జత చెడుతుంది. తర్వాత ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేసినా ఆ లోపం పోదు.

పానా పట్టకముందు తీసుకోవాల్సిన కొలతలు

ఈ గంట పని వదిలేసినవాళ్లే తర్వాత రెండు రోజులు వెతుక్కుంటారు. సమతలంగా ఉన్న చోట, టైర్లలో గాలి సరిగ్గా పెట్టి, ఇవన్నీ కాగితం మీద రాయండి:

- నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు. నేల నుంచి కొలిస్తే టైరు మార్చాక లెక్క తప్పుతుంది.
- స్టీరింగ్ ఒక చివరి నుంచి మరో చివరికి ఎన్ని చుట్లు తిరుగుతుందో. మూడున్నర చుట్లైతే ఒకటీ ముప్పావు దగ్గర అసలు మధ్య. అక్కడ స్టీరింగ్ వీల్ మీదా, కాలమ్ కవర్ మీదా ఒక టేపు ముక్క అంటించండి.
- రెండు టై రాడ్లకూ నట్టు బయట కనిపించే మరల సంఖ్య.
- ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో టై రాడ్, డ్రాగ్ లింకుల వాలు.
- అలైన్‌మెంట్ సెంటర్‌లో తీసిన క్యాస్టర్ (చక్రం తిరిగే అక్షం వాలు), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పై భాగం లోపలికో బయటికో వాలడం), టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ప్రింటు. నోటి మాట చాలదు, కాగితమే తీసుకోండి.

తర్వాత చక్రం జాకీ మీద లేపి ఆట చూడాలి. పైనా కిందా పట్టి ఊపితే ఆట ఉంటే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్. ఎడమా కుడీ పట్టి ఊపితే ఆట ఉంటే టై రాడ్ ఎండ్. అరిగిన జాయింటుతో లిఫ్ట్ వేయొద్దు. పాత కోణంలో ఏదోలా నెట్టుకొచ్చిన జాయింటు కొత్త కోణంలో ఊగడం మొదలుపెడుతుంది.

విప్పడం, బిగించడం

జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి ఎప్పుడూ దూరకండి, చాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. వెనక చక్రాలకు చెక్కలు అడ్డం వేయండి.

స్టీరింగ్ వీల్‌ను తిరగకుండా సీటు బెల్టుతోనో తాడుతోనో కట్టేయండి. కాలమ్ షాఫ్ట్ విడిపోయి ఉన్నప్పుడు వీల్ ఊరికే తిరిగితే ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు తీసుకెళ్లే క్లాక్ స్ప్రింగ్ లోపల తెగుతుంది. హారన్ కూడా పోతుంది.

టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు స్ప్లిట్ పిన్ తీసి, నట్టును నాలుగైదు మరలు వదులు చేసి అక్కడే ఉంచండి. పుల్లర్ లేకపోతే నకిల్ కన్ను పక్క మీద సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేస్తే టేపర్ (కన్నులో బిగుసుకున్న ఏటవాలు మొన) వదులుతుంది. మరల మీద కొడితే ఎండ్ పాడవుతుంది. పిట్‌మన్ ఆర్మ్‌ను సుత్తితో అసలు తీయకండి. ఆ దెబ్బ బాక్స్ లోపలి బేరింగ్‌కు తగులుతుంది కాబట్టి దానికి పుల్లరే వాడాలి.

కొత్త స్ప్రింగు, స్పేసరు, షాక్‌లు పెట్టాక ఆర్ముల బుష్ బోల్టులనూ షాకిల్ (కమాన్ చివరను చాసిస్‌కు కలిపే ఊగే లంకె) బోల్టులనూ చేతితో మాత్రమే బిగించండి. బండిని నేల మీదికి దించి, నాలుగడుగులు ముందుకూ వెనక్కూ తోసి, ముక్కు మీద రెండుసార్లు అదిమి వదిలాక అప్పుడు టార్క్‌కు (మాన్యువల్ చెప్పిన బిగింపు కొలతకు) బిగించాలి. గాలిలో ఉన్నప్పుడే బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడిన స్థితిలో ఇరుక్కుంటుంది. ఎత్తు తప్పు చూపిస్తుంది, కొన్ని నెలల్లో బుష్ చిరుగుతుంది.

వెనక ఇరుసుకు లిఫ్ట్ బ్లాకులు పెట్టొచ్చు. ముందు ఇరుసుకు మాత్రం వద్దు. బ్రేకు వేసినప్పుడు, స్టీరింగ్ తిప్పినప్పుడు పడే మెలిక బలం బ్లాకును జరుపుతుంది. ముందు ఎత్తు పెంచాలంటే ఎక్కువ వంపున్న కమాన్ పట్టీలే సరైన దారి. యూ బోల్టులు ఎప్పుడూ కొత్తవే వేయాలి.

మొదట క్యాస్టర్

వరస ముఖ్యం: క్యాస్టర్, క్యాంబర్, ఆ తర్వాతే టో. మొదటి రెండింటిలో ఏది కదిపినా టో మారిపోతుంది.

చక్రం తిరిగే అక్షం పై భాగం వెనక్కి వాలి ఉండటమే క్యాస్టర్. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం దీని వల్లే. తగ్గితే హైవే మీద బండి తేలుతున్నట్టు, గాలికే పక్కకు పోతున్నట్టు అనిపిస్తుంది.

ఎత్తుల లెక్క ఒకటి చూడండి. 3,000 మి.మీ. వీల్‌బేస్ బండికి వెనక మాత్రమే 50 మి.మీ. లేపితే బండి మొత్తం దాదాపు 1 డిగ్రీ ముందుకు వాలుతుంది, క్యాస్టర్ అంత తగ్గుతుంది. ముందు మాత్రమే లేపితే ఈ వాలు వల్ల అంతే పెరుగుతుంది, కానీ ఇండిపెండెంట్ బండిలో ఆర్ములు కిందికి వాలడం వల్ల ఆ లాభం సాధారణంగా తినేసుకుపోతుంది. ఇక లోడుకు వెనక 75 మి.మీ. దిగితే దాదాపు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. ఖాళీ బండికి క్యాస్టర్ మరీ ఎక్కువ పెడితే లోడులో స్టీరింగ్ బరువెక్కుతుంది. కాబట్టి బండి ఎక్కువ రోజులు ఏ లోడుతో తిరుగుతుందో ఆ లోడులో సగం బస్తాలు వేసుకుని అలైన్‌మెంట్‌కు పోవడమే మా సలహా.

ఇండిపెండెంట్ బండిలో కింది ఆర్ముకు క్యామ్ బోల్టులు ఉంటే వాటితో సర్దుబాటు అవుతుంది. అవి చివరిదాకా తిరిగినా కంపెనీ చెప్పిన కొలత అందకపోతే, బాల్ జాయింటు వెనక్కి జరిపి తయారుచేసిన పై ఆర్ములు వేయాలి, లేదా ఎత్తు తగ్గించాలి.

రిజిడ్ యాక్సిల్‌కు కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య ఉక్కు వెడ్జ్ వేస్తారు. 2 డిగ్రీలవీ 4 డిగ్రీలవీ దొరుకుతాయి. ఎక్కువమంది తిరగేసి పెట్టేది ఇక్కడే. పట్టీలు ఇరుసు పైన ఉంటే వెడ్జ్ లావు వైపు వెనక్కి ఉండాలి. పట్టీలు ఇరుసు కింద ఉంటే లావు వైపు ముందుకు ఉండాలి. వెడ్జ్ మందానికి సరిపడా పొడవు సెంటర్ బోల్టు వేయడం మరవొద్దు. 4×4లో క్యాస్టర్ పెంచిన కొద్దీ ముందు డిఫరెన్షియల్ ముక్కు కిందికి దిగి ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరుగుతుంది. 4 డిగ్రీలు వేశాక ఫోర్ వీల్‌లో అదురు వస్తే కారణం అదే, 2కు తగ్గండి.

పొడవు షాకిల్‌తో ఎత్తు పెంచేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. షాకిల్ కమాన్‌కు ముందు వైపు ఉంటే క్యాస్టర్ తగ్గుతుంది, వెనక వైపు ఉంటే పెరుగుతుంది. పొడవులో పెంచినదానిలో సగమే ఎత్తుగా వస్తుంది కూడా.

డ్రాగ్ లింకు, వంకర స్టీరింగ్

రిజిడ్ యాక్సిల్ బండి లేపగానే స్టీరింగ్ వంకర తిరుగుతుంది. అడ్డంగా పోయే డ్రాగ్ లింకుతో లెక్క చూద్దాం. లింకు పొడవు 900 మి.మీ., రెండు చివరల ఎత్తు తేడా మొదట 100, 50 మి.మీ. లిఫ్ట్ తర్వాత 150. లింకు వాలిన కొద్దీ అడ్డంగా అందుకునే దూరం తగ్గుతుంది. ఇక్కడ తగ్గేది దాదాపు 7 మి.మీ. నకిల్ ఆర్మ్ 150 మి.మీ. ఉంటే చక్రం రెండున్నర డిగ్రీలు తిరుగుతుంది. 18కి 1 నిష్పత్తి ఉన్న బాక్స్‌తో స్టీరింగ్ వీల్ 45 డిగ్రీల పైనే తిరుగుతుంది, అంటే గడియారంలో 12 దగ్గరి ముల్లు ఒకటిన్నరకు పోయినంత. ముందు నుంచి వెనక్కి పోయే లింకులో ఇరుసు కూడా కదులుతుంది కాబట్టి ఈ లెక్క వాడకుండా నేరుగా కొలవాలి.

దీనికి స్టీరింగ్ వీల్‌ను ఊడదీసి స్ప్లైన్లు (షాఫ్ట్ మీది పళ్లు) మార్చి తిన్నగా పెట్టడం తప్పు మందు. బాక్స్‌లో గేర్ల మధ్య ఆట అతి తక్కువ ఉండేది సరిగ్గా మధ్యలోనే. వీల్ మార్చి పెడితే బండి తిన్నగా పోయేటప్పుడు గేరు పక్కన నడుస్తుంది, ఆట ఎక్కువవుతుంది. ఎడమ, కుడి మలుపులు సమానంగా రావు. లింకు క్లాంపులు వదులు చేసి, స్టీరింగ్‌ను టేపు గుర్తు దగ్గర ఉంచి, చక్రాలు తిన్నగా వచ్చేదాకా లింకు పొడవు మార్చడమే సరైన పద్ధతి. రెండు చివరలా కనీసం మర వ్యాసానికి ఒకటిన్నర రెట్లు మర లోపల ఉండాలి. 14 మి.మీ. మరకు 21 మి.మీ. అన్నమాట. అంత లేకపోతే లింకు మార్చండి.

పొడవు సరిచేసినా వాలు అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించడానికే కిందికి వంగిన డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్. మీ బాక్స్ స్ప్లైన్లకు సరిపోయే ఫోర్జ్ చేసిన ఆర్మే తీసుకోండి. పాత ఆర్మ్‌ను కోసి, వేడిచేసి వంచి, వెల్డింగ్ చేసి ఇచ్చే పనికి ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా ఒప్పుకోవద్దు. స్టీరింగ్ భాగం విరిగితే బ్రేకు తప్ప మీ చేతిలో ఏమీ మిగలదు, అదీ బండి పక్కకు తిరిగిపోతూ ఉండగా. పిట్‌మన్ నట్టుకు సర్వీస్ మాన్యువల్‌లోని టార్క్ ఇవ్వాలి. అది చాలా పెద్ద అంకె, మామూలు పానా చాలదు.

టో

ఇండిపెండెంట్ బండిలో లిఫ్ట్ తర్వాత ఎక్కువగా మారేది ఇదే. 350 మి.మీ. టై రాడ్‌కు 50 మి.మీ. లిఫ్ట్ అంటే వాలు దాదాపు 8 డిగ్రీలు పెరుగుతుంది.

అలైన్‌మెంట్ సెంటర్ దాకా నెమ్మదిగా నడిపించుకుపోవడానికి ఇంటి దగ్గర ఇలా పెట్టుకోవచ్చు. చక్రం లేపి తిప్పుతూ టైరు మీద సుద్ద రాసి, మేకుతో సన్నని గీత గీయండి. దించి బండిని కొంచెం ముందుకు తోయండి. హబ్ ఎత్తులో రెండు గీతల మధ్య దూరం ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి కొలవండి. వెనక దూరం కన్నా ముందు దూరం 0 నుంచి 2 మి.మీ. తక్కువ ఉంటే అక్కడిదాకా చాలు. చివరి అంకె మాన్యువల్‌దే.

ర్యాక్ బండిలో టై రాడ్ మర 1.5 మి.మీ. పిచ్ అయితే, ఒక పూర్తి చుట్టుకు ఆ ఒక్క చక్రం టో దాదాపు 7 మి.మీ. మారుతుంది. అందుకే పావు చుట్టు చొప్పున తిప్పాలి. రబ్బరు బూట్ క్లిప్ ముందే వదులు చేయకపోతే బూట్ మెలిపడి చిరుగుతుంది, వానాకాలంలో బురద నేరుగా ర్యాక్‌లోకి పోతుంది. టో సరిగ్గా ఉండి స్టీరింగ్ మాత్రం వంకరగా ఉంటే ఒక రాడ్ ఎంత పెంచితే రెండోది అంతే తగ్గించండి. రెండు వైపులా బయటి మరల తేడా మూడు దాటితే ఆగండి, ఏదో వంగి ఉంది.

స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి తిప్పి కాదు. పిన్ ఎప్పుడూ కొత్తదే.

మెషీన్ చూడని పరీక్ష

బండి లేచి దిగినప్పుడు చక్రాలు వాటంతట అవే ఎంత తిరుగుతున్నాయో చూసే పరీక్ష ఇది. రెండు నున్నటి గ్రానైట్ ముక్కలు తీసుకోండి. మన దగ్గర వాటికి కరువు లేదు. ఒక్కో దాని మీద గ్రీజు రాసి పైన ప్లాస్టిక్ సంచి పరిచి ముందు చక్రాల కింద పెట్టండి. స్టీరింగ్ మధ్యలో కట్టేసి, బండికి రెండు పక్కలా సమాంతరంగా నూలు దారం లాగండి. ఒక్కో రిమ్ ముందు అంచు నుంచీ వెనక అంచు నుంచీ దారం దాకా దూరం రాసుకోండి.

ఇప్పుడు చక్రాలు నేల వదలకుండా చాసిస్‌ను జాకీతో 40 మి.మీ. లేపి మళ్లీ కొలవండి. తర్వాత దించి, ముక్కు మీద మనుషులను ఎక్కించో బస్తాలు వేసో వీలైనంత కిందికి తెచ్చి మూడోసారి కొలవండి. రెండు చక్రాలూ ఒకే వైపు తిరిగితే డ్రాగ్ లింకు వాలు కారణం. రెండూ ఒకేలా లోపలికో బయటికో తిరిగితే ఇండిపెండెంట్ బండిలో టై రాడ్ ఎత్తు కారణం. 2, 3 మి.మీ. తేడా ఉంటే నడపొచ్చు. 6, 7 దాటితే గుంతల్లో చేతికి తెలుస్తుంది. అప్పుడు డ్రాప్ ఆర్మ్, ర్యాక్ బ్రాకెట్, లేదా ఎత్తు తగ్గింపు, ఈ మూడింటిలో ఒకటి చేయక తప్పదు. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును అణిచే చిన్న షాక్) వేస్తే చేతికి తెలియడం తగ్గుతుందే తప్ప బండి తిరగడం తగ్గదు.

తాకుళ్లు, బ్రేకు, లైట్లు

స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పి టైరు కమాన్‌కో చాసిస్‌కో తాకుతోందేమో చూడండి. తాకితే నకిల్ స్టాప్ బోల్టు బయటికి తిప్పాలి. చక్రం పూర్తిగా వేలాడేటప్పుడు బ్రేకు హోస్ బిగుసుకోకూడదు. వెనక ఇరుసుకు లోడును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వ్ ఉంటే దాని కడ్డీ బ్రాకెట్‌ను లిఫ్ట్ అంత జరపాలి. లేకపోతే లోడు వేసినా వాల్వ్ ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ ఉన్న బండికి స్కానర్‌తో స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ రీసెట్ చేయించండి. హెడ్‌లైట్లు దించండి, ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

టెస్ట్ రన్

మొదట ఖాళీ మైదానంలో 20 వేగంతో. ఆ తర్వాత ములుగు రోడ్డు లాంటి తిన్నటి దారిలో రద్దీ లేని వేళ 40, 60, 80. ఒక పక్కకు గుంజితే ముందు రెండు టైర్లను అటూ ఇటూ మార్చి చూడండి. గుంజుడు కూడా వైపు మారితే తప్పు టైరుది. 60, 70 దగ్గర వీల్ వణికితే రిమ్ లోపల నల్లరేగడి మట్టి ఎండి అతుక్కుందేమో ముందు చూడండి, ఆ తర్వాతే బ్యాలెన్సింగ్. గుంత పడ్డాక చక్రాలు ఆగకుండా ఊగితే వెంటనే నెమ్మదించి ఆపండి. వదులు జాయింటు దొరికేదాకా ఆ బండి రోడ్డెక్కకూడదు.

100 కి.మీ. దగ్గర యూ బోల్టులు, ఆర్ముల బోల్టులు మళ్లీ టార్క్ చూడాలి. 500 దగ్గర కొత్త స్ప్రింగులు సర్దుకుని ఎత్తు కొంచెం దిగుతుంది కాబట్టి అలైన్‌మెంట్ మరోసారి చేయించండి. అప్పుడు ముందు టైర్ల మీద అరచేత్తో అడ్డంగా నిమరండి. బయటి నుంచి లోపలికి నున్నగా, లోపలి నుంచి బయటికి గరుకుగా ఉంటే టో ఇన్ ఎక్కువైంది. అందుకు ఎదురుగా ఉంటే టో అవుట్. రెండు టైర్లలోనూ ఒకేలా ఉంటే పావు చుట్టులో సగం చొప్పున రెండు వైపులా సరిచేస్తే చాలు.